అరువు వేలు

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లకు వేలిముద్ర పడదు. కాల్చిన పిక్కను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, కుడిచేత్తో చెక్క సుత్తి వేస్తే పెంకు పగిలి పప్పు బయటకొస్తుంది. పప్పుతోపాటు నల్లటి నూనె కూడా వస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా ఆ నూనె చర్మాన్ని తినకుండా వదలదు. ఏడాది తిరిగేలోపు వేళ్ల మీది గీతలన్నీ ఉల్లిపొరల్లా ఊడిపోతాయి. కింద మిగిలేది నున్నటి, మెరిసే చర్మం.

అందుకని ఆ చుట్టుపక్కల తోటల ఊళ్లలో ఒక అలవాటు పుట్టింది. రేషన్ కార్డుకో ఇంటి పట్టాకో ముద్ర వెయ్యాల్సి వచ్చినప్పుడు, ఎప్పుడూ పిక్క ముట్టని ముసలమ్మ ఎవరైనా పక్కన నిలబడి తన వేలు ఇచ్చేది. అరువు వేలు అనేవారు దాన్ని. కాగితం తెచ్చిన ఉద్యోగికి కావలసింది గీతలున్న ముద్ర. అవి ఎవరి గీతలని అడిగినవాడు లేడు. అక్కుపల్లికి ఇవతల కొబ్బరితోటల్లో, పిక్కలు కొట్టే పైడితల్లి కాపురమున్న వీధికి ఇద్దరే ఇద్దరు వేలు ఇచ్చేవాళ్లు. ఒకరు దేముడమ్మ. రెండోవారు పైడితల్లి అత్తగారు గౌరమ్మ.

పైడితల్లి పెళ్లయిన రెండో నెల నుంచే పలాస వెళ్లేది. మొదటి బస్సుకు వెళ్లి, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. మగడు బైరాగి కొబ్బరి దింపు తీసేవాడు. ఒక్కతే కూతురు, ఇందు. ఇంకో బిడ్డ కావాలని ఇద్దరికీ ఉండేది. పైడితల్లికి ఇంకాస్త ఎక్కువ. తను ఒక్కతే కూతురుగా పెరిగిన మనిషి. జడ వెయ్యడానికి, దెబ్బలాడడానికి ఇంట్లో ఇంకొకరు లేకపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

తొంభై ఏడులో, వేసవి సెలవులకి మూసేసిన ఒక బడిలో శిబిరం పెట్టారు. ఆడవాళ్ల జబ్బులన్నీ ఉచితంగా చూస్తారని ఆటో మీద మైకు పెట్టి చెప్పారు. అప్పటికి నాలుగు నెలలుగా పైడితల్లికి పొత్తికడుపులో నొప్పి. అత్తను తోడు తీసుకుని వెళ్లింది. చూసినావిడ చిన్న గడ్డ ఉంది, తీసేస్తాం అంది. జబ్బకు సూది వేశారు. ఆ తర్వాత ఆమెకు గుర్తున్నది మూడు ముక్కలే. ఎవరో తన ఎడమచెయ్యి పట్టుకుని లేపడం. బొటనవేలికి చల్లగా ఏదో తగలడం. ఎక్కడో దూరంగా ఒక ఆడగొంతు, "ఇది పడ్డం లేదు" అనడం.

కళ్లు తెరిచేసరికి తరగతి గది నేల మీద ఉంది. ఎదురు గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. ఆమెకు అటూ ఇటూ వరసగా ఆడవాళ్లు, అందరి కళ్లూ పైకప్పు మీదే, అందరి కడుపుల మీదా ఒకే కొలతలో కోసిన తెల్లటి పట్టీ. ఎవరూ మూలగడం లేదు. బెంచీలు తీసుకెళ్లి బయట పేర్చిన బడిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదని పైడితల్లి తర్వాత చాలాసార్లు చెప్పేది.

నొప్పి తగ్గింది. రెండేళ్లు గడిచాయి. కడుపు మాత్రం రాలేదు.

తొంభై తొమ్మిదిలో పలాసలో ఒక లేడీ డాక్టరు దగ్గరకు మొగుడూ పెళ్లాలు వెళ్లారు. ఆవిడ స్కానింగు చేసి, మచ్చ చూసి, పైడితల్లి వైపు కాకుండా బైరాగి వైపు తిరిగి చెప్పింది. "మీ ఆవిడకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందయ్యా. మరి నా దగ్గరకెందుకొచ్చారు?"

బస్సులో వస్తున్నంతసేపూ బైరాగి కిటికీలోంచి బయటికే చూశాడు. వజ్రపుకొత్తూరు దాటాక అన్నాడు.

"నాతో ఒక్క మాట సెప్తే నాను కాదందునా?"

"నాకు తెలిస్తే కదా మావా సెప్పడానికి!"

"నీ ఒంటి మీద కత్తెట్టి కోస్తే నీకు తెలీదేటి?"

పైడితల్లి చెయ్యి పొత్తికడుపు మీదకు వెళ్లింది. నిజమే, తన ఒళ్లే. తెలియాలి కదా.

ఆ రోజు నుంచి బైరాగి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు. అన్నం కావాలంటే కంచం చప్పుడు చేసేవాడు. నీళ్లు కావాలంటే, "ఇందూ, మీ యమ్మని నీళ్లిమ్మను" అనేవాడు, పైడితల్లి పక్కనే ఉన్నా సరే.

ఫ్యాక్టరీలో పక్కపీట మీద కూర్చునే కామాక్షికి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆమే పైడితల్లిని టెక్కలి ప్లీడరు ధర్మారావు దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన అరువు తీసుకున్న పుస్తకాలతో చదువుకుని పైకి వచ్చినవాడు. ఏ మాటైనా రెండుసార్లు విడమర్చి చెప్పేవాడు.

"చట్టం ప్రకారం నీ ఒళ్లు నీదే పైడితల్లీ. నువ్వు ఒప్పుకోకుండా దాని మీద ఎవరూ కత్తి పెట్టకూడదు. అయితే ఆ మాట కోర్టులో చెప్పాలంటే, ఆ ఒళ్లు కోర్టుకి చూపించాలి. మచ్చ చూస్తారు. అడగరానివి అడుగుతారు. నలుగురిలో చదువుతారు. సిద్ధమేనా?"

"నాకు డబ్బులొద్దు బాబూ. నాను ఒప్పుకోనేదని రాసిమ్మనండి. ఆ కాయితం తెచ్చి మా మావ సేతిలో పెడతాను. అంతే."

"ఆయనకి చదువొచ్చా?"

"రాదు. కానీ స్టాంపు సూస్తే నమ్ముతాడు."

కోర్టు ద్వారా అడిగితే శిబిరం కాగితం జెరాక్సు వచ్చింది. ధర్మారావు బల్ల మీద పరిచి చూపించాడు. 'నా పూర్తి ఇష్టంతో' అని అచ్చువేసిన వరస కింద పైడితల్లి పేరు, ఊరు. దాని కింద రెండు ముద్రలు. మొదటిది గీతల్లేని మచ్చ, సిరా ఒలికినట్టు. దాన్ని ఒక అడ్డగీతతో కొట్టేశారు. పక్కన రెండోది, చుట్టలు చుట్టుకున్న గీతలతో ఎంత స్పష్టంగా ఉందంటే, కాగితం అవతలి నుంచి ఎవరో వేలు ఆనించి నొక్కుతున్నట్టే ఉంది. చుట్టలకు అడ్డంగా, ఏటవాలుగా ఒక సన్నటి తెల్లగీత. ఎప్పుడో తెగి మానిన గాటు.

కామాక్షి వంగి చూసింది. "ఇదెవులిదో అరువు ఏలే. గౌరమ్మత్తనడుగు."

పైడితల్లి అదే రోజు అడిగింది. గౌరమ్మ వక్క నములుతున్నది ఆపేసింది.

"నన్ను లోపలికే రానియ్యనేదు కదే! బయట బెంచీల కాడ కూకున్నాను. నీకు తెలీదేటి?"

గౌరమ్మ అబద్ధం చెప్పగా పైడితల్లి ఎప్పుడూ వినలేదు. నమ్మింది. ఇంక మిగిలింది దేముడమ్మ. కానీ శిబిరం పెట్టడానికి నెల ముందే, ఉగాది మర్నాడు, దేముడమ్మ చచ్చిపోయింది. ఆ శవానికి పసుపు రాసినవాళ్లలో పైడితల్లి కూడా ఉంది.

ఆ మాట వీధిలోకి వెళ్లి వేరే రూపంలో తిరిగొచ్చింది. దేముడమ్మ వేలికి చేపల కత్తిపీట గాటు ఉండేదని ఒకరు గుర్తు తెచ్చుకున్నారు. బతికున్నప్పుడు ఎవరడిగినా కాదనని మనిషి కదా, చచ్చాక అడిగినా కాదనదు అని ఇంకొకరు. ఆ నెలలో రేషన్ కార్డులకు వేలుముద్రలు తీసుకోవడానికి మనిషి వస్తే, దేముడమ్మ ఎప్పుడూ నిలబడే అరుగు మూలని జనం ఖాళీగా వదిలేసి నిలుచున్నారు. కామాక్షి ఒక్కతే నవ్వింది. "ఓలప్పా, నీకు పింఛనీ కూడా వొచ్చీసినాదేటి?" అని ఆ ఖాళీ మూలతో అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా అక్కడ నిలబడలేదు.

రెండువేల రెండులో కేసు పిలిచారు. ముందు మచ్చ సంగతి వచ్చింది. కోర్టు పంపిన డాక్టరమ్మ రాసిన నివేదికను గుమాస్తా గట్టిగా చదివాడు. బొడ్డు కింద ఎన్ని అంగుళాల్లో, ఎంత పొడుగున, ఏ రంగులో ఉందో. కొబ్బరి వ్యాజ్యానికి వచ్చిన మగవాళ్లు వెనక బెంచీలో దగ్గారు. పైడితల్లి పైటకొంగు కడుపు మీద రెండు మడతలు వేసి పట్టుకుంది. అప్పటికే అందరూ చూసేసినదాన్ని కప్పుకుంటున్నట్టు అనిపించి మళ్లీ వదిలేసింది.

తర్వాత ముద్ర తీశారు. తెల్లకాగితం మీద నల్లటి మచ్చ పడింది. మళ్లీ తీశారు. మళ్లీ మచ్చే. శిబిరం పెట్టినవాళ్ల తరఫున ఎదుటి ప్లీడరు లేచాడు.

"సాక్ష్యం పోగొట్టడానికే వేలు కాల్చుకుందండీ."

"పదేళ్లుగా పిక్కలు కొడతన్నాను బాబూ," అంది పైడితల్లి.

జడ్జిగారు ఆమె చేతిని కాసేపు చూశారు. కోపం లేని మనిషి. "మూడు నెలలు ఆ పని మానెయ్యమ్మా. గీతలు వాటంతటవే వస్తాయట. వచ్చాక ముద్ర ఇవ్వాలి. ఇది కోర్టు ఉత్తర్వు."

బయటికొచ్చాక ఆమె ధర్మారావును అడిగింది. "పని మానీమని కూడా సెప్పొచ్చా బాబూ? ఏలు నాదన్నారు కదా?"

"నీదే. కానీ కోర్టు అడిగితే ఇవ్వాలి. ఇవ్వడానికి లేకపోతే మొలిపించి మరీ ఇవ్వాలి," అన్నాడాయన. నవ్వుదామనుకుని నవ్వలేకపోయాడు.

పైడితల్లి ఇంట్లో కూర్చుంది. పదేళ్లలో పగటిపూట ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఎండ ఏ గోడ మీంచి ఏ గోడ మీదకు జరుగుతుందో అప్పుడే చూసింది. పొద్దునా సాయంత్రమూ బొటనవేలికి కొబ్బరినూనె రాసుకునేది. జెరాక్సు కాగితాన్ని చిన్న రేకుపెట్టెలో దాచి, రోజుకొకసారి తీసి, వేలు పక్కన పెట్టుకుని చూసేది.

మొదటి నెల ఏమీ లేదు. నల్లటి చర్మం పెచ్చులుగా రాలింది. తర్వాత వేలికి స్పర్శ రావడం మొదలైంది. ఉప్పురాయికి అంచులుంటాయని, ఇందు తలవెంట్రుకలు ఒక్కొక్కటీ వేరువేరుగా తగులుతాయని ఆమె మర్చిపోయింది. ఒకరోజు ఇందు చెంప తుడుస్తుంటే, ఆ పిల్ల వెనక్కి జరిగి, "అమ్మా, నీ ఏలు కొత్తగుంది," అంది. పైడితల్లికీ అలాగే ఉంది. తన చేతి చివర ఇంకెవరిదో వేలు అతికించినట్టు, ముందుగా అదే ముట్టుకుని తర్వాత తనకు చెబుతున్నట్టు.

నలభయ్యో రోజున గోరు పక్కన మొదటి గీత కనిపించింది. అల వెనక్కిపోయాక ఇసుక మీద మిగిలే గీతలాగే, ఉందా లేదా అన్నట్టు. మర్నాటికి ఇంకొకటి. గీతలు అంచుల నుంచి నడిమికి వస్తున్నాయి. ఎక్కడో లోపల రాసిపెట్టి ఉన్నది మెల్లగా పైకి తేలుతోంది.

అప్పుడు ఆమెకు భయం మొదలైంది. గాటు కూడా తేలితే?

ఆ చల్లటి స్పర్శ గుర్తుంది. చెయ్యి ఎవరో లేపడం గుర్తుంది. మత్తులో తను ఏమందో గుర్తులేదు. బైరాగి అన్నమాట నిజమేనేమో. తన నోరు వద్దంటుండగా తన ఒళ్లే అవునందేమో. ఇరవై మైళ్ల దూరంలో పుట్టింట్లో మంచాన ఉన్న తల్లి దగ్గరకు మనిషిని పంపి అడిగించింది, చిన్నప్పుడు నా వేలు ఎప్పుడైనా తెగిందా అని. తల్లి చెప్పిన జవాబు పట్టుకుని మనిషి వచ్చాడు. "తెగిందంట. ఏ సెయ్యో ఆవిడికి గ్యాపకం నేదంట."

ఆ తర్వాత వేలు చూసుకోవడం తగ్గించింది. చూడకుండానూ ఉండలేకపోయింది. పిడికిలి మూసి ఉంచితే, అరచేతిలో ఆ వేలు తన లెక్కలో తాను ఏదో చేసుకుపోతున్నట్టు అనిపించేది.

ఇంట్లో ఇంకొక బొటనవేలు కూడా మూసే ఉందని అప్పట్లో ఆమె గమనించలేదు. గౌరమ్మ ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉండేది. కొబ్బరి మట్ట గీసుకుందనేది. వీధిలో ఎవరైనా ముద్రకు పిలిస్తే ఆ పీలిక చూపించి తప్పించుకునేది.

యాభయ్యో అరవయ్యో రోజు, శుక్రవారం. పొద్దున పదిగంటల ఎండ వంటింట్లోకి వచ్చి ఉంది. గౌరమ్మ పొయ్యి అలికి స్నానానికి వెళ్లింది. శుక్రవారం పొయ్యి అలకడం ఆవిడ పని. పెళ్లయినప్పటి నుంచీ పైడితల్లి ఆ వేళకు ఫ్యాక్టరీలోనే ఉండేది. పని మానాక కూడా, కుంకం వేసేదాకా గౌరమ్మ ఏదో పని చెప్పి ఆమెను పెరట్లోకి పంపేది, ఆ రోజు మరిచింది. తను తిరిగొచ్చేసరికి పొయ్యి మీద మసి, ఆరిన కుంకం తప్ప ఏమీ కనిపించేవి కావు. ఇప్పుడు ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. పొయ్యి మూడు గుబ్బల మీదా బొట్టు పెట్టడానికి గౌరమ్మ బొటనవేలితో నొక్కిన మూడు గుంటలు. ఆవిడది ఎడమచేతి వాటం. కుంకం ఇంకా వెయ్యలేదు.

పైడితల్లి నీళ్ల కోసం వంగి, ఆగిపోయింది.

గుంటలో చుట్టలు చుట్టుకున్న గీతలు. వాటికి అడ్డంగా, ఏటవాలుగా, ఒక గాటు.

రెండో గుంటలోనూ అదే. మూడోదానిలోనూ.

ఆమె లేచింది. తలుపు పక్కన గోడ అలికినచోట, చివర సాపు చేసిన దగ్గర, అదే వేలు. పెరట్లో గోడకి కొట్టిన పిడకల మీద, ప్రతి పిడక అంచున, అదే. తులసికోట గట్టు మీద. ఉట్టి కింద దీపం గూటిలో. ఇందు పుట్టినప్పుడు పురిటిగది గడప మీద పసుపుతో వేసిన వేళ్లలో. రెండేళ్లుగా ఎవరిదా అని ఆమె ఊరంతా వెతికిన వేలు, ఆమె తిన్నచోటా పడుకున్నచోటా అంతటా అచ్చు పడి ఉంది. కాగితంలోంచి నొక్కుతున్నట్టున్న ఆ వేలు ఇప్పుడు గోడల్లోంచి నొక్కుతోంది.

పెట్టె తెరిచి జెరాక్సు తెచ్చింది. పొయ్యి ముందు చతికిలబడి గుబ్బ పక్కన పెట్టింది. గౌరమ్మ తడిచీరతో వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో కుంకం భరిణె. వేలికి పీలిక లేదు.

ముందు పైడితల్లే మాట్లాడింది.

"అత్తా. నిన్ను లోపలికి రానియ్యనేదన్నావు."

"రానియ్యనేదు. కిటికీలోంచి సెయ్యెట్టమన్నారు."

"ఏటని?"

"నర్సమ్మ వొచ్చింది. మీ కోడలి ఏలు పడ్డం నేదు, ఆలీసం అయిపోతంది, నువ్వియ్యి అంది. గడ్డ తియ్యడానికనుకున్నానే. ఎప్పుడూ ఇచ్చినట్టే ఇచ్చినాను. కిటికీ ఊసల్లోంచి సెయ్యి లోపలికి పోనిచ్చినాను, ఎవులో పట్టుకుని నొక్కుకున్నారు. ఆ కాయితం నాను సూడను కూడా నేదు." గౌరమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "డాక్టరమ్మ సెప్పిన రోజు తెలిసింది, నానేటి సేసినానో."

"మరప్పుడే సెప్పీక పోనావా? మావ నన్ను కుక్కని సూసినట్టు సూస్తంటే..."

"సెప్తే ఆడు నన్ను సూత్తాడా?" గౌరమ్మ తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరి పిల్లనో చూసినట్టు చూసింది. "నీది రెండు నెల్లు మానేత్తే వొచ్చింది. నాది ఎన్నాళ్లు కట్టుకుంటే పోతాదే పైడీ?"

పైడితల్లికి తిట్టాలనిపించింది. నోటికొచ్చిన తిట్లన్నీ కాగితం మీది గాటు దగ్గర ఆగిపోయాయి. ఇంతకాలం ఆమెను భయపెట్టిన ఆ గీత, నడుం వంగిన ఒక ముసలిదాని వేలు మీద, చింతపండు నలిపి నలిపి పాలిపోయి ఉంది.

మర్నాడు ధర్మారావును అడిగింది, ఎవరిదో తెలిస్తే ఏమవుతుందని, పేరు చెప్పకుండా. ఆయనకు అర్థమైంది.

"పేరు చెబితే మనం గెలుస్తాం. కానీ ఒకరి పేరు మీద ఇంకొకరు వేలు వెయ్యడం నేరం. ఆ మనిషిని వదలరు. పైగా ఆ వేలు ఇంకా ఎక్కడెక్కడ పడిందో తవ్వుతారు. మీ వీధి పట్టాలు, కార్డులు... ఆలోచించుకో."

ఇంటికొచ్చి పైడితల్లి అత్తతో ఒక్కటే అంది. "కోర్టుకి సెప్పకు. మావకి సెప్పు."

"నాకు నోరు రాదే."

వారం గడిచింది. మళ్లీ శుక్రవారం. బైరాగి గోడకి చేరబడి చద్దన్నం తింటున్నాడు. గౌరమ్మ పొయ్యి అలికింది. మూడు గుబ్బలూ నొక్కింది. తర్వాత లేచి వెళ్లి, కోడలి రేకుపెట్టె తెరిచి, జెరాక్సు తెచ్చి, పొయ్యి పక్కన నేల మీద పరిచింది. గాలికి ఎగరకుండా దాని మీద అగ్గిపెట్టె పెట్టింది. కొడుకు వైపు చూడలేదు. ఎడమచేతిని మట్టితోనే చాపి, కాగితం పక్కన నేల మీద ఆనించి, అలాగే ఉంచింది.

బైరాగి నమలడం ఆపాడు. కాగితం చూశాడు, మట్టి చూశాడు, తల్లి వేలు చూశాడు. ఆ కాగితం ఏమిటో అతనికి తెలుసు. రెండేళ్లుగా దాని గురించే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. కంచం పక్కకి జరిపాడు.

"పైడీ," అన్నాడు చివరికి. "మంచినీళ్లియ్యి."

ఆమె ఇచ్చింది. ఆ గ్లాసు అతను సగం తాగి, మిగిలినవి తల్లి ముందు పెట్టాడు.

మూడు నెలలు నిండాక కోర్టులో మళ్లీ ముద్ర తీశారు. ఈసారి గీతలు పడ్డాయి. చుట్టలు కావు, ఒక పక్కకు వంగిన వంపులు. గాటు లేదు. తన ముద్ర తను చూడడం పైడితల్లికి పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇంకాసేపు చూద్దామనుకుంది గానీ గుమాస్తా కాగితం లాగేసుకున్నాడు.

రెండో ముద్ర ఈమెది కాదని నిపుణుడు చెప్పాడు. ధర్మారావు ముఖం వికసించింది. జడ్జిగారు అడిగారు. "అది ఎవరిదో నీకు తెలుసా అమ్మా?"

వరండాలో బల్ల మీద గౌరమ్మ కూర్చుని ఉంది. వేలికి పీలిక లేదు. ఆ చేతిని అందరికీ కనబడేలా మోకాలి మీద పెట్టుకుంది, పిలిస్తే లేచి రావడానికి సిద్ధంగా.

"నాది కాదు బాబూ," అంది పైడితల్లి. "నా ఏలు గురించి సెప్పడానికే నాను వొచ్చినాను."

అప్పుడు ఎదుటి ప్లీడరు లేచాడు. నెమ్మదిగా, మర్యాదగానే మాట్లాడాడు.

"రెండోది ఈమెది కాదు, ఒప్పుకుంటున్నామండీ. మొదటి ముద్ర సంగతేమిటి? దానికి గీతలు లేవు. ఆ రోజుల్లో తన వేలికి గీతలు లేవని ఈమే చెప్పింది. ఇక్కడే రెండుసార్లు వేసి చూపించింది కూడా. అంటే ఆ మచ్చ ఈమెదే. ఈమె ఒప్పుకుంది. పక్కన ఇంకెవరో సాయం పట్టారు, అంతే."

"సూదేసినాక నొక్కించినారు!" అని అరిచింది పైడితల్లి.

"సూది ముందా, ముద్ర ముందా? కాగితంలో లేదు కదమ్మా."

ఏడాదిన్నర తర్వాత తీర్పు వచ్చింది. కొట్టేశారు. ధర్మారావు రెండుసార్లు విడమర్చి చెప్పాడు. పై కోర్టుకు వెళ్దామన్నాడు. పైడితల్లి కాగితం వంక చూస్తూ కూర్చుంది. గీతలున్న వేలు ఎవరిదో కోర్టుకు అక్కర్లేకపోయింది. ఏమీ లేని మచ్చ చూసి, ఇది నువ్వే, అవునన్నావు అంది.

"వొద్దు బాబూ. ఈపాలి ఏటి మొలిపించమంటారో," అని లేచింది.

తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లింది. పూట గడవాలి. నెలరోజుల్లో గీతలు పోయాయి. పోతున్నప్పుడు కూడా నడిమి నుంచి అంచుల దాకా, వచ్చిన దారినే పోయాయి.

గౌరమ్మ రెండువేల ఆరులో, వానలకు ముందు పోయింది. కాళ్ల బొటనవేళ్లూ చేతుల బొటనవేళ్లూ కలిపి కట్టాల్సి వచ్చినప్పుడు, చేతులకు పైడితల్లి తనే కట్టింది. ఎడమవేలిని లోపలికి పెట్టి, కుడివేలు దాని మీదకు వచ్చేలా.

ఆ ఏడాదే ఇందును ఆడపిల్లల హాస్టల్‌లో చేర్చే కాగితం వచ్చింది. అమ్మ ముద్ర కావాలన్నారు. ఇందు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ దించకుండానే చెప్పింది.

"ఎవులిదైనా పర్లేదంట అమ్మా. మామ్మ ఉంటే ఇప్పుడే అయిపోను."

పైడితల్లి చేతులకున్న బూడిద కడుక్కుంటోంది. కడుక్కుని, తుడుచుకుని, గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసింది.

"మూడు నెల్లు ఆగమని సెప్పు."

"మూడు నెల్లా! సీటు పోతాది!"

"పోతే వొచ్చే ఏడు ఎల్దువు."

ఇందు కాళ్లు నేలకేసి కొట్టింది, ఏడ్చింది, నాన్నకు చెబుతానంది. బైరాగి పెరట్లోంచి, "మీ యమ్మ ఆగమంతంది కదా," అన్నాడు. మర్నాటి నుంచి పైడితల్లి పలాస బస్సు ఎక్కలేదు. ఏమైందని కామాక్షి కబురు పంపితే, ఏలు మొలవాల అని చెప్పి పంపింది.

శుక్రవారాలు పొయ్యి ఆమే అలికేది. రెండు గుబ్బలు కొత్తమట్టితో నున్నగా చేసి, నడిమి గుబ్బ మీద గౌరమ్మ నొక్కిన గుంటను మాత్రం అలాగే వదిలేసేది. దాని చుట్టూ అలికేది. నలభయ్యో రోజున, ఎండ వంటింట్లోకి వచ్చిన వేళ, తడిచేతిని వెలుతురులోకి ఎత్తి గోరు పక్కన చూసింది. ఒక గీత ఉంది. ఇందును పిలిచి చూపించింది. ఆ పిల్ల కాసేపు చూసి, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి జరిగింది.